వగైరా అంటే ఎంత?

వగైరా మాస్టారి ముందు పొరపాటున కూడా అనకూడని మాట ఒకటే ఉంది. అది ఆయన పేరులోనే ఉంది. మామూలు మనిషితో మీరు "బజారుకెళ్ళి సబ్బులు, దువ్వెనలు, వగైరా తెచ్చాను" అంటే ఆయన తలూపి ఊరుకుంటాడు. మాస్టారు ఊరుకోరు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "వగైరా అంటే ఎంత?" అంటారు.

"అంటే, ఇంకా చిన్నా చితకా ఉన్నాయి కదండీ."

"చిన్నవి ఎన్ని? చితకవి ఎన్ని?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పగలిగినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. చితకవి ఎలా ఉంటాయో కూడా ఎవరికీ తెలియదు. ఆయన వీధిలో వస్తున్నారంటే చుట్టుపక్కలవాళ్ళు మాట్లాడుకునే మాటల్ని ఓసారి సరిచూసుకునేవారు. ఎదురింటి డాక్టరైతే రోగితో "తలనొప్పి, నీరసం, ఆ..." అని నాలిక కరుచుకుని, కిటికీలోంచి తొంగిచూసి, మాస్టారు మలుపు తిరిగాక "వగైరా" అనేవాడు.

మాస్టారు కాలేజీలో లెక్కలు చెప్పేవారు. అన్ని లెక్కలూ చెప్పేవారు గానీ ఆయన ప్రాణమంతా అనంత శ్రేణుల మీద. అంటే ఎప్పటికీ ఆగని కూడికలు. ఒకటి, దానికి సగం కలుపు, పావు కలుపు, ఇలా సాగుతూనే ఉండేవి. మనలాంటివాళ్ళం నాలుగంకెలు వేసి, పక్కన మూడు చుక్కలు పెట్టి చేతులు దులుపుకుంటాం. ఆ మూడు చుక్కల వెనకాల ఎంత దాక్కుని ఉందో తేల్చి, ఒక్క ముక్కలో జవాబు రాయడం ఆయన పని. అలాంటి జవాబుని పుస్తకాల్లో సంవృత రూపం అంటారు. "అంటే ఏమీ లేదు, మూత పెట్టిన డబ్బా. లోపల అంతులేనంత ఉన్నా బయటికి ఒలకదు" అనేవారు ఆయన.

ఆయనకి ఆ పేరు పెట్టింది నేనే. పెట్టాలని పెట్టింది కాదు. నేనప్పుడు ఒక ప్రెస్సులో అక్షరాలు కూర్చేదాన్ని. సీసం అక్షరాలు ఒక్కొక్కటీ చేత్తో ఏరి, వరస పేర్చే కాలం అది. పెద్ద చెక్క కేసు, దానికి గడులు, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. ఏ ప్రెస్సుకైనా చుక్కలు ఇన్ని చాలునని ఒక అంచనా ఉంటుంది. ఆ అంచనా వేసినవాడు మాస్టారి పుస్తకం చూడలేదు. ఆ పుస్తకంలో అక్షరాలకంటే చుక్కలు ఎక్కువ. ఒక ఉదయం చుక్కల గడిలో చెయ్యి పెడితే చెక్క తగిలింది.

"చుక్కలైపోయాయండీ" అన్నాను ఫోర్‌మన్‌తో.

"ఏదో ఒకటి సర్దు. సాయంత్రానికి ప్రూఫు వెళ్ళాలి" అన్నాడాయన తల ఎత్తకుండా.

సర్దాను. మర్నాడు మాస్టారు ప్రూఫు కాగితం జెండాలా పట్టుకుని ప్రెస్సులోకి వచ్చారు.

"ఈ పేజీ కూర్చింది ఎవరండీ?"

"నేనేనండీ."

"ఒకటి, ప్లస్ ఒకటి బై నాలుగు, ప్లస్ ఒకటి బై తొమ్మిది, ప్లస్ వగైరా. ఏమిటిది?"

"చుక్కలు అయిపోయాయండీ. రెంటికీ అర్థం ఒకటే కదా అని."

"ఒకటే ఎలా అవుతుంది? చుక్కలంటే ఇదే పద్ధతిలో ఇంకా సాగుతుందని. వగైరా అంటే ఇక నాకు ఓపిక లేదని."

"మీరూ చుక్కలు పెట్టి వదిలేశారు కదండీ" అన్నాను. నాకు నోరు కాస్త ఎక్కువే.

"వదల్లేదు. పక్క పేజీ చూడండి. పై స్క్వేర్ బై ఆరు. అన్ని చుక్కలకీ కలిపి లెక్క అప్పజెప్పాను. మీ వగైరాకి ఎంతో చెప్పండి మరి."

ప్రెస్సంతా నవ్వింది. ఆయన కూడా ఆలోచించి, నవ్వచ్చని నిర్ధారించుకుని, అప్పుడు నవ్వారు. ఆ పుస్తకం కాలేజీకి చేరకముందే వగైరా మాస్టారనే పేరు చేరిపోయింది.

ఆ రోజుల్లోనే నేను గది కోసం వెతుక్కుంటున్నాను. నేను హాస్టళ్ళలో పెరిగినదాన్ని, నావాళ్ళంటూ ఎవరూ లేరు. అంతకుముందున్న ఇంటావిడ నేను చేరగానే "అమ్మాయ్" అని నోరారా పిలిచింది. నేను పొంగిపోయాను. తర్వాత "అమ్మాయ్, ఆ బకెట్టు ఇలా అందుకో" అయింది. ఆ తర్వాత "అమ్మాయ్, గిన్నెలు పడున్నాయి చూడు" అయింది. చివరికి అమ్మాయ్ అని వినపడగానే నా చెయ్యి దానంతటదే చీపురు దగ్గరికి వెళ్ళిపోయేది. అందుకని మాస్టారింట్లో మేడమీది గది చూడ్డానికి వెళ్ళినప్పుడు గుమ్మంలోనే చెప్పేశాను.

"అద్దె ఠంచనుగా ఇస్తాను. చుట్టరికాలు మాత్రం కలపకండి. అమ్మాయ్ గిమ్మాయ్ అని పిలవకండి. నాకిష్టం ఉండదు."

ఇంకొకరైతే మొహం మాడ్చుకునేవారు. మాస్టారి మొహం వెలిగిపోయింది. "షరతు ఎంత స్పష్టంగా ఉందో చూశావా" అన్నారు భార్యతో. "షరతు ముందే చెప్పేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారు? అందరూ లెక్క సగంలో చెప్తారు."

ఆవిడ నా వైపు చూసి, "అలాగే గానీ, మరి భోజనం అదీ..." అన్నారు.

"భోజనం మాతోనే చెయ్యండి అంటోంది" అన్నారు మాస్టారు. "ఇది చుట్టరికం కాదు. తనకి కొలత తెలియక రోజూ ఎక్కువ వండుతుంది, అంతే."

ఇక్కడ అమ్మగారి గురించి చెప్పాలి. నేనావిణ్ణి అమ్మగారు అనే పిలిచేదాన్ని, కొట్లో యజమాని భార్యని పిలిచినట్టు. అమ్మగారు ఏ వాక్యాన్నీ పూర్తి చేసి ఎరగరు. "ఆ గొడుగు ఉంది చూడు, దాన్ని ఆ..." అని ఆగిపోయేవారు. "గొడుగు ఎండలో ఆరబెట్టమంటోంది" అనేవారు మాస్టారు పక్క గదిలోంచి. "నిన్న వచ్చినాయన మళ్ళీ ఇవాళ..." "మీటరు చూసేవాడు మళ్ళీ వస్తానన్నాడట." ఒక్కసారి కూడా తప్పలేదు. పైగా మన భాషలో మర్యాదంతా వాక్యం చివర్లో ఉంటుంది కదా. ఆవిడ అక్కడిదాకా రారు. అందుకని ఆవిడ నన్ను నువ్వు అంటున్నారో మీరు అంటున్నారో నాకు ఏళ్ళ తరబడి తెలియలేదు. మాస్టారు మాత్రం షరతు ప్రకారం మీరు అనే అనేవారు.

ఆవిడ డబ్బాలకి మూతలు కూడా పెట్టరు. వంటింట్లో డబ్బాలన్నీ నోళ్ళు తెరుచుకుని ఉండేవి. మాస్టారు కాలేజీ నుంచి రాగానే చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, ఒక్కొక్కదానికీ మూత పెట్టుకుంటూ వచ్చేవారు. వెనకాలే ఆవిడ మళ్ళీ ఏదో ఒకటి తీసేవారు. అలా ఇద్దరూ వంటిల్లంతా తిరుగుతుంటే నేను మెట్ల మీద కూర్చుని చూస్తుండేదాన్ని. ఇప్పుడు నేనున్న గదిలో డబ్బాలన్నిటికీ మూతలున్నాయి. సాయంత్రం పూట వాటిని చూస్తే ఏమీ తోచదు.

"అమ్మగారి మాటలు మీకెలా తెలుస్తాయండీ?" అని ఓసారి అడిగాను.

"మొదటి కొన్ని పదాలు వింటే పద్ధతి తెలిసిపోతుంది. పద్ధతి తెలిస్తే మొత్తం తెలిసినట్టే. పెళ్ళైన కొత్తలో మాత్రం చాలా తప్పులు చేశాను. పంచదార అడిగితే పంచె తెచ్చేవాణ్ణి."

ఆయన లెక్క కట్టే పద్ధతి కూడా నాకు చెప్పారు, నేను అడక్కుండానే. ఒకటి, అందులోంచి సగం తీసెయ్యి, మూడో వంతు కలుపు, పావు తీసెయ్యి, ఇలా పోతూనే ఉండు. ఎంత తేలుతుంది? మాస్టారు ఒక్కొక్క ముక్కనీ ఒక వంపు గీత కింద ఉన్న జాగాగా మార్చేస్తారు. అలా జాగా ఎంతో లెక్క కట్టడాన్నే సమాకలనం అంటారట. ఇప్పుడు చెయ్యాల్సిన పనులు రెండు, జాగాలు కట్టడం, కూడటం. ఆయన ఆ రెంటి వరసా తారుమారు చేస్తారు. ముందు వంపులన్నిటినీ కూడి ఒకే వంపుగా చేస్తారు. తర్వాత ఒక్కసారే జాగా కడతారు. అంతులేని కూడిక కాస్తా లాగ్ రెండు అనే చిన్న ముక్కై కూర్చుంటుంది.

"అయితే ఎప్పుడు పడితే అప్పుడు తారుమారు చెయ్యకూడదు" అనేవారు వేలు చూపించి. "షరతు ఉంటుంది. షరతు చూడకుండా చేస్తే మునుగుతాం."

ఆయన మునిగింది కూడా నేను చూశాను. ఒకనాడు అమ్మగారు చొక్కాలు ఇస్త్రీ చెయ్యమన్నారు, అంటే "ఆ చొక్కాలన్నీ కాస్త..." అన్నారు. ఒక్కో చొక్కా ఇస్త్రీ చేసి, మడత పెట్టి, మళ్ళీ ఇంకోటి ఇస్త్రీ చేసి మడత పెట్టడం మాస్టారికి వృథా అనిపించింది. వరస తారుమారు చేశారు. ముందు అన్నిటినీ మడత పెట్టేసి, దొంతర పేర్చి, ఒక్కసారే పైనుంచి ఇస్త్రీ చేశారు. మర్నాడు కాలేజీకి వెళ్ళిన చొక్కా వీపు మీద కిటికీ చువ్వల్లాగా నిలువు గీతలు, అడ్డ గీతలు. వెనక బెంచీవాళ్ళు దాని మీద పులి-మేక ఆడదామా అనుకున్నారట.

"షరతు చూసుకోలేదు" అని ఒప్పుకున్నారు ఇంటికొచ్చి. అమ్మగారు నవ్వీ నవ్వీ, "మీకు చెప్పడం నాది..." అన్నారు. ఈసారి మాస్టారు ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. నేను పూర్తి చేశాను.

చుట్టరికాల విషయంలోనూ ఆయన అంతే. మనకి పరాయివాణ్ణి పిలవాలన్నా ఏదో ఒక వరస కావాలి. వీధి చివర కొట్టతను ఓసారి "రండి బాబాయిగారూ" అన్నాడు.

"నేను మీ నాన్నగారికి తమ్ముణ్ణా?"

"కాదండీ, మర్యాదకి అన్నాను."

"మర్యాద మర్యాదే, వరస వరసే. కాని వరస కలిపితే మీ నాన్నగారికి లేని తమ్ముణ్ణి ఇచ్చినట్టవుతుంది. ఆస్తి పంపకాల్లో ఇబ్బంది."

అప్పట్నుంచీ ఆ కొట్టతను చాలా వినయంగా, "మా నాన్నకి తమ్ముడు కాని మాస్టారూ, ఏం కావాలి?" అని అడిగేవాడు. మాస్టారు దానికి సంతోషించేవారు. సరిగ్గా ఉంది కదా.

ఇదంతా చూసి నేను నవ్వుకునేదాన్ని, మొదట్లో. తర్వాత తర్వాత నవ్వు తగ్గింది. ఎందుకో చెప్తాను.

ఆయన రెండో పుస్తకం కూడా నా చేతికే వచ్చింది. అందులో చిత్రమైన పేర్లు, గామా, జీటా, ఇంకా నోరు తిరగనివి ఉన్నాయి. ఒక సాయంత్రం మేడ మెట్ల మీద కూర్చుని అడిగాను, ఇవన్నీ ఏమిటని.

"కొన్ని సమాకలనాలు తెగవండీ. తెలిసిన దేనితోనూ వాటిని చెప్పలేం. అలాంటివాటికి పేరు పెడతారు. వాటినే ప్రత్యేక ప్రమేయాలు అంటారు. జవాబులో ఆ పేరు రాస్తే చాలు, లెక్క తేలినట్టే."

"తేలకపోతే పేరు పెట్టేసి తేలిందంటారా? ఇదేం న్యాయం?"

"ఊరికే పెట్టరు. అది ఎక్కడెక్కడ ఎదురవుతుందో, దేనితో ఎలా మసులుకుంటుందో చాలాకాలం చూస్తారు. ఇది లేకపోతే మనకి గడవదు అని తెలిశాక పేరు పెడతారు. పేరు పెట్టాక అది మనింటిదే. ఎక్కడ కనపడినా గుర్తుపడతాం."

ఆయన లేచి మూతలు పెట్టడానికి వెళ్ళిపోయారు. నేను అక్కడే కూర్చుండిపోయాను. నాకప్పుడు ఎంత దిగులు పట్టుకుందో చెప్పలేను. ఆ ఇంట్లో నేను తెగని లెక్కనే. ఏళ్ళుగా వాళ్ళ పక్కన కూర్చుని తింటున్నాను, అమ్మగారికి జ్వరమొస్తే తలకి తడిగుడ్డ వేస్తున్నాను, మాస్టారి కళ్ళజోడు నుదుటి మీదే ఉందని రోజూ చెప్తున్నాను. అయినా ఎవరైనా అడిగితే నేను మేడమీది గదిలో ఉండే ఆవిణ్ణి. మాస్టారూ, అమ్మగారూ, వగైరా. ఆ వగైరా నేను.

అడిగేవాళ్ళు అడుగుతూనే ఉండేవారు. మనవాళ్ళకి ఆ ప్రశ్న అడక్కపోతే తిన్నది అరగదు. "ఈ అమ్మాయి మీకేమవుతుంది?" అని పక్కింటికొచ్చిన చుట్టాలు, టీకాలు వెయ్యడానికొచ్చిన నర్సు, అందరూ అడిగేవారు. అమ్మగారు ఎప్పుడూ ఒక్కటే అనేవారు.

"మా..."

అక్కడ ఆగేవారు. నేను మాస్టారి వైపు చూసేదాన్ని. ఆవిడ ఏ వాక్యం వదిలేసినా అందుకునే మనిషి, అది మాత్రం అందుకునేవారు కాదు. గోడ మీద పగులు చూసేవారు. ఫ్యాను తిరగడంలో ఏదో తేడా ఉందనేవారు. మొదట్లో నాకది హాయిగానే ఉండేది, వరస కలపలేదు కదా అని. ఎప్పుడు మారిందో తెలియదు. "మా..." తర్వాత ఏమొస్తుందా అని ఎదురుచూడటం నాకు అలవాటైపోయింది. పనిమనిషి అని వచ్చినా బాగుండు, ఏదో ఒకటి వస్తే చాలు అనిపించేది.

మాస్టారికి కాలేజీలో సన్మానం చేసినప్పుడు మేం ముగ్గురం వెళ్ళాం. ఫొటోగ్రాఫరు "కుటుంబసభ్యులు మాత్రం ఉండండి, మిగతావాళ్ళు పక్కకి రండి" అన్నాడు. నేను పక్కకి జరిగాను. మాస్టారు నా వైపు చూశారు, కెమెరా వైపు చూశారు.

"మీ కెమెరా వాలింది. ఇప్పుడు ఫొటో వద్దు" అన్నారు.

"వాలలేదండీ, కావాలంటే చూడండి."

"వాలింది" అని దండ తీసేసి కిందికి దిగిపోయారు. ఆ సన్మానం ఫొటో ఇప్పటికీ లేదు. నేను ఆయన చాదస్తానికి విసుక్కున్నాను.

తర్వాత కొత్త యంత్రాలొచ్చాయి. మా ప్రెస్సు మూసేశారు. సీసం అక్షరాలన్నిటినీ బస్తాల్లో పోసి తూకానికి అమ్మేశారు. నాకు దూరాన మరో ఊళ్ళో, కొత్తరకం ప్రెస్సులో పని దొరికింది. ఇంట్లో చెప్తే అమ్మగారు "అంత దూరం ఒక్కదానివే..." అన్నారు. ఒక్కదానివే. అలవాటు తప్పి ఓ అడుగు ముందుకేశారు, నువ్వు అనే దొరికిపోయారు. మాస్టారు మూతలన్నీ పెట్టేసి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టారు.

వెళ్ళే రోజు ఉదయం, బండి రాకముందు, నేను ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి మూడు సీసం చుక్కలు పెట్టాను. అక్షరాలు అమ్మేసే రోజున దాచుకున్నవి.

"ఇవేమిటండీ?"

"మీ పుస్తకానికి తక్కువైన చుక్కలు, మాస్టారూ. గుర్తుగా ఉంచుకోండి."

ఆయన వాటిని వేలితో వరసగా జరిపారు. "వీటిని ఎక్కడ పెట్టమంటారు?"

నోరు జారింది. జారాలనే జారిందేమో. "అమ్మగారి 'మా' తర్వాత పెట్టండి. అక్కడ మీరు ఎప్పుడూ వదిలేసేవి అవే. ఆవిడ మాటలన్నీ పూర్తి చేస్తారు కదా, ఆ ఒక్కటీ ఎందుకు చెయ్యరు? నాకు వరస ఏదీ కుదరదనా? రుజువు లేదనా?"

మాస్టారు తెల్లబోయారు. నేనాయన్ని అలా ఎప్పుడూ చూడలేదు, చొక్కా గీతల రోజున కూడా.

"షరతు మీదేనండీ" అన్నారు నెమ్మదిగా. "చుట్టరికం కలపకండి, అమ్మాయి అనకండి అన్నారు. గుమ్మంలోనే అన్నారు. జవాబు నాకెప్పుడో తెలిసిపోయింది. షరతు ఉండగా రాయకూడదు కదా."

"అది ఎప్పటి మాట మాస్టారూ."

"మాట పాతదైతే చెల్లకుండా పోతుందా? పెట్టినవాళ్ళు ఎత్తేస్తేనే పోతుంది. మీ నోటి నుంచి వస్తుందేమోనని చూస్తూ ఉన్నాను. తొందరపెడితే, మీరోసారి చెప్పిన ఆ పాత ఇంటావిడలాగే మేమూ అనుకుని గది వదిలి వెళ్ళిపోతారేమోనని మా ఆవిడకి భయం." చుక్కల్ని ఇంకోసారి జరిపి, "నాకూ" అన్నారు.

నాకు గోడ మీద పగులు గుర్తొచ్చింది. ఫ్యాను గుర్తొచ్చింది. ఏమీ వాలని కెమెరా గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ ఈయన వరస కలపడనుకున్నాను. ఎంత కుదురుగా కలుపుకుని, ఎంత భద్రంగా మూత పెట్టి ఉంచారో నాకిప్పుడు తెలిసింది.

"ఎత్తేశాను" అన్నాను.

"ఏమిటి?"

"షరతు. ఎత్తేశాను. ఇప్పుడే."

ఆయన తలూపారు. బయట బండి హారను మోగింది.

బండివాడు నా పెట్టె ఎత్తబోతూ, అడక్కుండా ఉండలేక అడిగాడు. "వెళ్ళేది ఎవరండీ? మీకేమవుతారు?"

అమ్మగారు చెంగుతో చేతులు తుడుచుకుంటూ, "మా..." అన్నారు.

మాస్టారు నుదుటి మీది కళ్ళజోడు ముక్కు మీదికి దించారు. జవాబు కింద గీత గీసేటప్పుడు మాత్రమే ఆయన అలా దించుతారు.

"మా అమ్మాయి" అన్నారు.

"అలాగాండీ" అని బండివాడు పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయాడు. వాడికేం తెలుసు, ఎవరి లెక్క తేల్చి వెళ్తున్నాడో.

నేను కూర్పు పని చేసినదాన్ని. ఎక్కువైన అక్షరాలు తియ్యడం నాకు తెలుసు. "వెళ్తాను, మాస్టారూ" అని, ఆవిడ వైపు తిరిగి, గా, రు, ఆ రెండక్షరాలూ తీసేశాను. "వెళ్తాను అమ్మా."

ఆవిడ మొహం చేతుల్లో దాచుకుంది. మాస్టారు మాత్రం మాస్టారే.

"తప్పు. వెళ్ళొస్తాను అనాలి."

"అది మాట వరసకి అనేది కదండీ. మీకు మాట వరసలు గిట్టవు కదా."

"మాట వరస కాదు, శ్రేణి. ఉన్నావు, ఒకటి. వెళ్ళావు, తీసెయ్యి ఒకటి. వచ్చావు, కలుపు ఒకటి. మళ్ళీ వెళ్ళావు. తిన్నగా కూడితే ఎప్పటికీ తేలదు, ఓసారి ఒకటి, ఓసారి సున్నా. అందుకని ఏం చెయ్యాలి? ప్రతి రాకపోకకీ కాస్త కాస్త అలసట కలపాలి, ఒక్కోటీ కిందటిదానికంటే కాస్త చిన్నదయ్యేలా. అప్పుడు మొత్తం కట్టి, తర్వాత ఆ అలసటని మెల్లగా తీసెయ్యాలి. ఎంతొస్తుందో తెలుసా?"

"ఎంత?"

"సగం. అంటే నువ్వు ఎక్కడున్నా సగం ఇక్కడ ఉన్నట్టే లెక్క. సగం మనిషి ఉన్న గదిని ఇంకొకరికి అద్దెకెలా ఇస్తాం? బావుండదు. అలాగే ఉంచేస్తాం."

ఆయన నువ్వు అన్నారు. అన్నట్టు ఆయనకి తెలుసో లేదో నాకు తెలియదు. "మరి ఈ లెక్కకి షరతేమీ లేదా?" అన్నాను.

"ఉంది. వస్తూ ఉండాలి. మధ్యలో మానేస్తే అది శ్రేణి కాదు."

"వెళ్ళొస్తాను" అన్నాను.

బండి కదిలింది. మాస్టారు పక్కనే నాలుగడుగులు నడిచారు, కిటికీ అంచు పట్టుకుని. "చేరగానే ఫోన్ చెయ్యి. వేళకి తిను. కొత్త ప్రెస్సులో చుక్కలకి బదులు ఇంకేదీ పెట్టకు. గది తలుపుకి గడియ సరిగ్గా పడుతుందో లేదో చూసుకో. వాన పడితే ఆగు. ఒంట్లో బావుండకపోతే వెంటనే చెప్పు, అమ్మ వస్తుంది, నేనూ వస్తాను, జాగ్రత్త, అదీ, వగైరా..."

ఆయనే ఆగిపోయారు. అన్నది తనేనా అన్నట్టు చుట్టూ చూశారు.

నేను కిటికీలోంచి తల బయట పెట్టాను. "మాస్టారూ, వగైరా అంటే ఎంత?"

ఆయన నోరు తెరిచారు. కళ్ళజోడు నుదుటి మీదికి తోశారు, మళ్ళీ దించారు. ఆయన వెనకాలే వచ్చిన అమ్మ, గేటు మీద చెయ్యి వేసి, చక్కగా, తొణక్కుండా అంది.

"చాలా."

వెనకాల చుక్కలేమీ లేవు. అది పూర్తి జవాబే. కాకపోతే బండి చప్పుడులో ఒక్కటే తేల్చుకోలేకపోయాను. ఎంతో ఉందని చెప్పిందో, ఇంత సరిపోతుందా అని అడిగిందో. మొదటిసారి తిరిగి వచ్చినప్పుడు మాస్టారిని అడిగాను. ఆయన వంటింట్లో డబ్బాకి మూత పెట్టబోతూ ఆగి, రెండూ ఒకటే అన్నారు.